19 అడుగుల బోటు: స్టెర్న్‌డ్రైవా, ఔట్‌బోర్డా, ఏది మేలు?

డాలస్ దగ్గర లేక్ లూయిస్‌విల్ లాంటి చోట ఇంటిల్లిపాదీ తిరగడానికి బౌరైడర్, అంటే ముందు భాగంలోనూ సీట్లుండే బోటు, కొనేవాళ్లకు అసలు తేడా వచ్చేది ఇంజన్ దగ్గరే. స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజన్ బోటు లోపల ఉంటుంది, ప్రొపెల్లర్‌ను తిప్పే డ్రైవ్ వెనక బయట ఉంటుంది. ఔట్‌బోర్డ్‌లో మోటారు మొత్తం వెనక బయటే తగిలించి ఉంటుంది. సీ రే ఎస్‌పీఎక్స్ 190నే చూడండి, రెండు రకాల్లోనూ వచ్చింది.

స్టెర్న్‌డ్రైవ్ సుఖం ఈతకు దిగినప్పుడు తెలుస్తుంది. ఇంజన్ లోపల ఉంటుంది కాబట్టి వెనక ప్లాట్‌ఫామ్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఖాళీ. ఔట్‌బోర్డ్‌లో మోటారు నడిమధ్యన నిలబడి ఆ చోటును రెండు ముక్కలు చేస్తుంది. ఏ రకమైనా సరే, ఇంజన్ నడుస్తుండగా పిల్లల్ని అక్కడ కూర్చోనివ్వకండి. ఒకటి ప్రొపెల్లర్ భయం, రెండోది పొగలోని కార్బన్ మోనాక్సైడ్.

చలి మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. చాలా స్టెర్న్‌డ్రైవ్ ఇంజన్లు లేక్ నీటినే లోపలికి తీసుకుని చల్లబడతాయి. ఆ నీరు గడ్డకడితే ఇనుప బ్లాకు పగులుతుంది. టెక్సస్‌లో అంత చలి ఎక్కడిదనుకునేవాళ్లు రాష్ట్రమంతా గడ్డకట్టిన 2021 ఫిబ్రవరిని గుర్తు చేసుకోవాలి. డ్రెయిన్ ప్లగ్గు విప్పితే చాలదు. ఒక్కోసారి చుక్క కూడా రాదు, నీళ్లు లేవనుకుంటాం. నిజానికి తుప్పో ఇసుకో రంధ్రానికి అడ్డుపడి ఉంటుంది. సన్నటి తీగతో పొడిస్తే అప్పుడు బుడబుడా కారుతుంది. ఔట్‌బోర్డ్‌కు ఈ తంటా లేదు. మోటారును నిలువుగా కిందికి దించి ఉంచితే నీరు దానంతటదే పోతుంది. పైకెత్తి మాత్రం వదిలేయకండి, ప్రొపెల్లర్ మధ్యలోని హబ్‌లో వాన నీరు నిలిచి గడ్డకడుతుంది.

స్టెర్న్‌డ్రైవ్‌కు మరో బలహీనత బెలోస్, అంటే డ్రైవ్‌ను బోటుకు కలిపే చోట ఉండే మడతల రబ్బరు తొడుగులు. అవి చిరిగితే నీరు ముందు ఇంజన్ నుంచి డ్రైవ్‌కు వెళ్లే షాఫ్ట్‌ను మోసే గింబల్ బేరింగ్‌ను తినేస్తుంది, చిరుగు పెద్దదైతే బోటులోకే వస్తుంది. పాత బోటు చూడబోతే డ్రైవ్‌ను పైకెత్తి, ఒక పక్కకు పూర్తిగా తిప్పి, మడతల్ని వేలితో విడదీసి లోపలి గాడిలో పగుళ్లు వెతకండి. పైపైన చూస్తే కొత్తదానిలాగే కనిపిస్తుంది. మలుపు తిప్పేటప్పుడు గుర్రుమనే చప్పుడు వస్తే బేరింగ్ పోయినట్టే అనుకోవచ్చు.

పెట్రోల్ ఆవిరి ఇంజన్ గదిలో పేరుకుంటుంది కాబట్టి స్టెర్న్‌డ్రైవ్ స్టార్ట్ చేసే ముందు ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, అంటే బ్లోయర్, 4 నిమిషాలు వేయాలి. ఔట్‌బోర్డ్‌కు ఆ గది ఉండదు.

బరువు కూడా చూడాలి. మెర్క్యురీ 150 ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ 455 పౌండ్లు. మెర్‌క్రూయిజర్ 4.5 లీటర్ల వి6 స్టెర్న్‌డ్రైవ్ ఇంజన్, డ్రైవ్‌తో కలిపి, దానికి దాదాపు రెట్టింపు. మన ఇళ్ల ముందు కనిపించే హోండా ఒడిస్సీ లాగగలిగేది 3,500 పౌండ్లే. ట్రైలర్, నిండు ట్యాంకు కలిపితే 19 అడుగుల బోటు ఆ గీత దాటడం మామూలే, కాబట్టి 5,000 పౌండ్లు లాగే బండి ఉండాలి.

కొత్తదైతే ఔట్‌బోర్డే తీసుకోండి. పాత స్టెర్న్‌డ్రైవ్ బాగా చవకగా దొరికి, బెలోస్ ఎప్పుడు మార్చారో రసీదు చూపిస్తే ఆలోచించవచ్చు. అప్పుడు కూడా డబ్బు చేతిలో పెట్టే ముందు డ్రైవ్ కింద గేర్లుండే గేర్ కేసు అడుగు స్క్రూ కాస్త వదులు చేసి మొదటి చుక్కలు చూడండి. ఆయిల్ పాల టీ రంగులో వస్తే లోపలికి నీరు చేరినట్టే.