సరుగుడు తోటకి ప్లాను కోసం డెల్టా చుట్టి వచ్చాం

సఖినేటిపల్లి మండలంలో సముద్రం వైపు మాకు నాలుగెకరాల ఇసుక నేల ఉంది. దాన్లో సరుగుడు తప్ప ఇంకేదీ గిట్టుబాటు కాదని మా నాన్నగారు ఎప్పుడో తేల్చేశారు. మా బావగారిది ఇంకో బాధ. ఆయన కోనసీమలో ఓ చిన్న మున్సిపాలిటీకి కౌన్సిలరు. గాలివానకి నిద్రగన్నేరు కొమ్మ విరిగి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడి రెండు వార్డులు చీకట్లో మగ్గాయి. ఆనాటి నుంచీ "చెట్లకీ ఓ రిజిస్టరు ఉండాలండీ" అంటూ పట్టుకున్నారు. తోటకో ప్లాను, ఊరికో ప్లాను వేయించుకుందామని ఇద్దరం రాజమండ్రిలో కారు మాట్లాడుకుని బయల్దేరి, నరసాపురంలో రైలెక్కేదాకా తిరిగాం. చూసిన చోట్లు, దిగిన బసలు, దేనికి పెట్టిన డబ్బు కిట్టింది, దేనికి కిట్టలేదు అన్నదే ఈ రాత.

ఈ ప్లాను గోల అసలు మొదలైంది బావగారబ్బాయి వల్ల. వాడు అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ పాతిక ఎకరాలకి పైగా అడవి ఉన్న ఆసామి, ఏ చెట్లు ఎప్పుడు కొట్టాలో, ఏం నాటాలో ఫారెస్టరు చేత ప్లాను రాయించి, దాని ప్రకారం నడుచుకుంటే, భూమి పన్ను మార్కెట్ ధర మీద కాకుండా అడవిగా దానికుండే విలువ మీదే వేస్తారు. పదేళ్లకోసారి ప్లాను తిరగరాయించాలి. చాలా ఊళ్లకి సొంత టౌన్ ఫారెస్టు ఉంటుంది, దానికీ ఇలాంటి ప్లానే. మన దగ్గర ప్రభుత్వ అడవులకి పదేళ్ల వర్కింగ్ ప్లాన్లు ఉన్నాయి, వాటికి 2014లో వచ్చిన జాతీయ కోడ్ ఉంది, 2023లో దాన్ని సవరించారు కూడా. నాలుగెకరాల సరుగుడు ఆసామికి మాత్రం మొక్కలమ్మేవాడూ, కర్ర కొనేవాడూ దొరుకుతారు. మధ్యలో నాలుగేళ్లకి ఎవరూ లేరు.

రాజమండ్రిలో రైల్వే స్టేషన్ దగ్గర ఓ లాడ్జిలో దిగాం. గది చిన్నది, దుప్పట్లు శుభ్రం, వేణ్నీళ్లు పొద్దున ఆరుకే వచ్చేశాయి. ఇంతకన్నా లాడ్జిని అడిగేదేముంది. గోదావరి కనిపించే గదులకి రెట్టింపు అడుగుతున్నారు, గట్టు మీదకి నడిచి వెళ్తే అదే గోదావరి ఉచితం. తెలిసినవాళ్ల ద్వారా రిటైరైన ఓ రేంజరుగారు కుదిరారు. రోజుకి మూడు వేలు, కారూ భోజనమూ మనవే. ఈ ప్రయాణం మొత్తంలో కళ్లకద్దుకుని ఇచ్చిన డబ్బంటే అదే. దివాన్‌చెరువు దగ్గర పుష్కరవనంలో పొద్దున్నే ఓ గంట నడిపించారు. రాష్ట్ర అటవీ అకాడమీ ఉన్నదీ ఆ ఊళ్లోనే. పిల్లలతో వెళ్లేవాళ్లకి బాగుంటుంది గానీ మెట్ట అడవి అది, డెల్టా తోటలవాళ్లకి అక్కడ దొరికేది తక్కువ.

కడియం సంగతి అందరికీ తెలిసిందే. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక వైపు రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. బావగారు పదడుగుల చెట్లు సంచుల్లో వరసగా నిలబడి ఉండటం చూసి మురిసిపోయారు. "ఇవి నాటేస్తే ఓపెనింగ్ రోజుకే నీడొచ్చేస్తుంది కదండీ!" రేంజరుగారు ఏమీ అనకుండా ఓ సంచి వంచి, అడుగున చిరుగులోంచి వేళ్లు చూపించారు. సంచి గోడ తగిలి గుండ్రంగా తిరిగి, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. అలాంటి చెట్టు నేల్లో పెట్టాక కూడా వేరు అలాగే సుడి తిరుగుతుంది, పైన గుబురు పెరిగేకొద్దీ కింద పట్టుండదు, మొదటి పెద్ద తుపానుకి మొదలంటా ఒరిగిపోతుంది అన్నారు. "ఆయ్, మరి ఓపెనింగో?" అని బావగారు. "ఓపెనింగ్‌కి షామియానా వేయించండి" అన్నారాయన.

సరుగుడు మొక్కల దగ్గర మాత్రం నేనే ఎక్కువసేపు నిలబడ్డాను. నారుమడిలో పీకి కట్టలుగా అమ్మే గింజ మొక్కలు చవక. రూట్ ట్రైనర్లలో (వేరు సుడి తిరక్కుండా కిందికి దించే చాళ్ల గొట్టాలు) పెంచిన క్లోన్ మొక్కలకి, అంటే ఒకే మంచి చెట్టు రెమ్మల నుంచి తీసినవాటికి, ధర ఎక్కువ, కానీ తోటంతా ఒక్క తీరుగా పెరుగుతుంది. కోయంబత్తూరు అటవీ జన్యు పరిశోధన సంస్థ విడుదల చేసిన సంకర క్లోన్లు ఇప్పుడు మన తీరంలోనూ నాటుతున్నారు. రాజమండ్రి ఆంధ్ర పేపర్ కూడా రైతులకి క్లోన్ మొక్కలు ఇస్తుంది. తోటంతా ఒకే క్లోన్ వేయకండి, రెండు మూడు రకాలు పట్టీలుగా వేయండి, ఒకదానికి తెగులొచ్చినా రెండోది మిగులుతుంది అన్నది రేంజరుగారి మాట. కడియం వెళ్తే శని ఆదివారాలు వద్దు. ఫొటోలకొచ్చే జనంలో నర్సరీవాళ్లకి మాట్లాడే తీరికుండదు.

కాకినాడలో దిగిన హోటల్ పేరు చెప్పను. ఏసీ పేరుతో ఓ పెట్టె గోడకి వేలాడుతోంది, చప్పుడు మాత్రం చేస్తుంది. రాత్రి చెబితే "సార్, ఉదయం టెక్నీషియన్ వస్తాడు" అన్నారు. ఉదయం మేమెళ్లిపోతామని వాళ్లకీ తెలుసు. సుబ్బయ్య హోటల్లో మధ్యాహ్నం ఆకు భోజనం చేసి ఆ కోపం మర్చిపోయాం.

ఊళ్లో తిరుగుతుంటే బావగారి పుస్తకం నిండింది. కోనోకార్పస్ కథ అందరికీ తెలుసు: డివైడర్ల మీద తొందరగా పచ్చబడుతుందని ఊరూరా నాటారు, తర్వాత వద్దనుకున్నారు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది, మన దగ్గర 2024లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ నాటొద్దని చెప్పారు. రేంజరుగారికి ఆ చెట్టు మీద కన్నా నాటిన పద్ధతి మీదే కోపం. ఒకే జాతితో ఊరు నింపితే, అది పనికిరాదని తేలిన రోజు ఊరంతా ఒకేసారి బోడి అవుతుంది. బావగారికి ఆయన చెప్పిన రిజిస్టరు ఇదీ: వీధి వీధికీ ఒక పేజీ. ప్రతి చెట్టుకీ జాతి, చుట్టుకొలత, తొర్ర ఉందా, పైన కరెంటు తీగ ఉందా, కింద పైపు ఉందా, మొదలు చుట్టూ సిమెంటు పోశారా. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించిందని బావగారు పుస్తకంలో రెండుసార్లు గీత కొట్టుకున్నారు. కొమ్మలు నరికే పని అక్టోబరు తుపాన్లకి ముందే అయిపోవాలి, వైరుకి తగిలాక కాదు. ఉప్పుగాలి తగిలే వీధులకి పొన్న, గంగరావి, కానుగ. కొట్టాల్సి వస్తే 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, అనుమతి కాగితం ఫైల్లో పెట్టుకోండి అన్నారు. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటి తోట కర్రకి ఆ బెడద లేదు, టేకుకి ఉంది.

కోరింగ కాకినాడ నుంచి యానాం రోడ్డులో ఇరవై కిలోమీటర్ల లోపే. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మడ చెట్ల మధ్య చెక్కల వంతెన మీద నడక హాయిగా ఉంటుంది, పొద్దున తొమ్మిది లోపు వెళ్తే. పడవ మాత్రం నీటిని బట్టే. పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, వెళ్తే బురద చూసి రావాలి. టికెట్టు దగ్గర ఆ రోజు పోటు ఎన్నింటికో అడిగి వెళ్లండి.

చాలామంది ఇక్కడ ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మేం ఎక్కువసేపు ఉన్నది రేంజరుగారు వంతెన మీద ఆగిపోవడం వల్ల. తెల్ల మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లంత వేళ్లు వందలకొద్దీ పైకి లేచి ఉన్నాయి, ఊపిరి వేళ్లు. నీరు వచ్చి పోతుంటేనే అవి బతుకుతాయి. తూర్పు తీరంలో మడ అడవుల్ని ఒకప్పుడు కూపులు (ఏడాదికొకటి చొప్పున నరికే ముక్కలు) వేసి వరసగా నరికేవారట. అప్పుడూ ప్లాను ఉంది! ఎన్ని హెక్టార్లు, ఏ ఏడు ఏ కూపు, అన్నీ కాగితం మీద ఉన్నాయి. నరికిన చోట బురదకి ఎండ తగిలి నీరు ఇగిరి నేల కుంగింది. కుంగిన గుంటలోకి పోటు నీరు వచ్చి, తిరిగి పోలేక నిలిచింది. నిలిచిన నీరు ఎండి ఉప్పు మిగిలింది. ఆ ఉప్పులో మడ విత్తు మొలవలేదు, ఏళ్ల తరబడి బీడుగా ఉండిపోయింది. "కర్ర ఎంత పోతుందో లెక్క వేశారండీ, నీళ్లెటు పోతాయో వెయ్యలేదు" అన్నారు.

తర్వాత స్వామినాథన్ పరిశోధన ఫౌండేషనూ, అటవీ శాఖా, చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ కలిసి బాగు చేసిన పద్ధతి వినడానికి తేలిక. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు, చేప ముల్లు ఆకారంలో. పోటుకి నీరు లోపలికి, పాటుకి బయటికి. ఉప్పు కడుక్కుపోయాక పిల్ల కాలువల గట్ల మీద మడ మొక్కలు నాటారు. గోదావరిలోనూ కృష్ణలోనూ ఇలా చేశారు. ఇవేవీ తెలియజెప్పే బోర్డు మాకు వంతెన మీద కనపడలేదు. ఉన్నవన్నీ పక్షుల బొమ్మలు.

యానాం దాటి ఎదుర్లంక వంతెన మీదుగా కోనసీమలోకి దిగాం. దిండిలో పర్యాటక శాఖ రిసార్టుకి గోదావరి పాయ ఆనుకునే ఉంది, కొత్త జంటలకి బాగుంటుంది. మేం రాజోలు దగ్గర ఓ ఇంట్లో అద్దె గదుల్లో ఉన్నాం. ఆ ఇంటావిడ పొద్దున పెసరట్టు, రాత్రి పులస కాలం కాదని నొచ్చుకుంటూనే చందువా పులుసు పెట్టారు. బాత్రూం తలుపు గడియ సరిగ్గా పడదు, ఫ్యాన్ మూడో నంబరులో మాత్రమే తిరుగుతుంది. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే.

మా తోట దగ్గర జరిగింది మాత్రం కాస్త వివరంగా రాయాలి. వ్యాపారి అప్పటికే వచ్చి, గట్టు మీద నుంచే చూసి, ఎకరానికి ముప్పై టన్నులు లెక్కేసి మొత్తం గుత్తకి ఓ ధర చెప్పాడు. రేంజరుగారు తాడూ టేపూ తీశారు. గట్టు నుంచి కనీసం పది అడుగులు లోపలికి రమ్మన్నారు, అంచు చెట్లకి వెలుతురెక్కువ, లావుంటాయి, వాటిని కొలిస్తే లెక్క తప్పు. పది మీటర్ల చతురం. మూలలు కుదిరాయో లేదో ఐమూలగా తాడు లాగి, 14 మీటర్ల 14 సెంటీమీటర్లు వచ్చేదాకా మేకులు జరిపించారు. మీటరున్నర దూరంలో వేసిన తోట కాబట్టి ఆ చతురంలో 44 చెట్లుండాలి. బతికున్నవి లెక్కపెట్టాం. తోటలో ఐదు చోట్ల ఇలాగే చేస్తే సగటు 37 వచ్చింది, అంటే ఎకరానికి 1,500 దాకా. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున ప్రతి చెట్టుకీ టేపు చుట్టాం. సగటు చుట్టుకొలత 25 సెంటీమీటర్లు. ఆ కొలతకి దగ్గరగా ఉన్న మూడు చెట్లు కొట్టించి, కొమ్మా రెమ్మా తీసేసి కాటా వేయిస్తే ఒక్కోటి 28 కిలోల చుట్టూ తూగాయి. ఎకరానికి 42 టన్నులు. పూట పని. వ్యాపారి ఆ కాగితం చూసి కాసేపు తల గోక్కుని, "గుత్త వద్దులెండి, టన్ను లెక్కన మాట్లాడుకుందాం" అన్నాడు.

ప్లాను రెండే పేజీలు వచ్చింది. నాలుగెకరాలూ ఒకేసారి కొట్టొద్దు, ఏడాదికొక ఎకరం. ఊరి వైపు నుంచి మొదలెట్టి సముద్రం వైపుకి కొట్టుకు రావాలి, లేకపోతే గాలికి అలవాటు లేని లోపలి చెట్లు ఒక్కసారి ఈదరకి ఎదురు పడతాయి. చివరి ఎకరం అప్పటికి లావెక్కి సెంట్రింగ్ బాదులకి పోతుంది, కాగితం మిల్లుకిచ్చే గుజ్జు కర్ర కన్నా మంచి ధర. సముద్రం అంచున పది మీటర్ల పట్టీని ఎప్పుడూ మొత్తం కొట్టకూడదు. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. రాలిన ఆకు పొయ్యిలోకని ఊడ్చుకుపోతున్నారు, అది నేల్లోనే ఉండనివ్వండి అన్నారు. సరుగుడు వేళ్ల బుడిపెల్లో నత్రజనిని పట్టే సూక్ష్మజీవి ఉంటుంది నిజమే గానీ, మిగతా పోషకాలు ఆ ఆకులోంచే తిరిగి రావాలి, ఇసుకలో వేరే ఏముంది. ఈ ఒక్కదానికే మా పాలేరు ఇంకా ఒప్పుకోలేదు. వాళ్లావిడ పొయ్యి సంగతి నేనే ఏదైనా చూడాలి.

తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో పంటు (బల్లకట్టు) ఎక్కి నరసాపురం వెళ్లాం. కార్లకి వరస ఎక్కువ, రైలుంటే గంటన్నర ముందే రేవుకి చేరుకోండి. కారుని రేవులోనే పంపించేసి మనుషులమే దాటితే ఇంకా మేలు.

బావగారు మొన్న ఫోన్ చేశారు. కౌన్సిల్లో చెట్ల రిజిస్టరుకి తీర్మానం పాసైందట, మొదటి వార్డులో కొలతలు మొదలయ్యాయి. టేపు ఒకటే ఉంది, రెండోదానికి మూడు కొటేషన్లు తెమ్మన్నారట.