అమ్మ చెవి మిషన్లు తీసేసిన హోటల్

నాలుగు రోజుల ట్రిప్‌లో ప్రయాణాలు, చూడాల్సినవి అన్నీ సాఫీగానే జరిగిపోయాయి. నా బాధంతా మొదటి రెండు రాత్రులు దిగిన హోటల్ గురించే.

అమ్మకు 78 ఏళ్లు. రెండు చెవులకూ మిషన్లు, గ్లాకోమా వల్ల చూపూ తగ్గింది. పెద్దవాళ్లకు అన్ని సౌకర్యాలూ ఉన్నాయంటే నమ్మి బుక్ చేశాం. లిఫ్టు, ర్యాంపు, బాత్రూంలో పట్టుకునే కడ్డీ ఉన్న మాట నిజమే. భోజనాల హాలు చూస్తే మార్బుల్ నేల, అద్దాల గోడలు, ఎత్తయిన సీలింగ్. ప్లేట్ల మోత, కుర్చీలు ఈడ్చే చప్పుడు, పది బల్లల మాటలు కలిసి ఒకటే హోరు. చెవి మిషన్ మాటతో పాటు ఆ హోరునూ పెంచుతుంది. పెదాలు చూసి పోల్చుకుందామన్నా, నేను కిటికీకి వీపు పెట్టి కూర్చోవడంతో నా ముఖం అమ్మకు నల్లగా కనబడింది. ‘ఏమన్నావే?’ అని మూడుసార్లు అడిగి, మిషన్లు తీసి పర్సులో పెట్టేసుకుంది. తమ్ముడు విసుక్కున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

బయటికొచ్చే నాలుగు మెట్లూ ఒకే తెల్ల రాయి. అంచు కనబడక అమ్మ పాదంతో తడుముకుంటూ ఆగిపోయింది. గుమ్మం దగ్గరి నల్ల పట్టా గొయ్యిలా ఉందట. మేనేజరుకు చెబితే ఇంకో రెండు బల్బులు వేయిస్తామన్నాడు. 60 ఏళ్ల వాళ్ల రెటీనాకు చేరే వెలుతురు 20 ఏళ్లప్పటి దానిలో దాదాపు మూడో వంతే, కాబట్టి లైటు కావాలి. కానీ మెరిసే నేల మీద పడి అది కళ్లలో కొడితే ఉన్న చూపూ పనికిరాదు.

మూడో రోజు గెస్ట్‌హౌస్‌కు మారాం. గదులు చిన్నవి, వేడినీళ్లు ఆలస్యం. అయినా మళ్లీ అక్కడికే వెళ్తాను. మెట్ల అంచులకు పసుపు పట్టీలు, మందపాటి కర్టెన్లు, కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు, అందరి ముఖాలూ కనబడే గుండ్రటి బల్లలు. రిసెప్షన్‌లో హియరింగ్ లూప్ (మైకులో మాటను చెవి మిషన్లకు నేరుగా పంపే తీగ ఏర్పాటు) కూడా ఉంది. అమ్మ మిషన్‌ను లూప్ సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట అయిన టెలీకాయిల్‌కు మారిస్తే, అక్కడి అమ్మాయి మైకులో మాట్లాడింది నేరుగా చెవిలో వినబడింది. అవసరం లేకపోయినా అమ్మ ఆవిడను మరో రెండు ప్రశ్నలు అడిగింది.

బుక్ చేసే ముందు గది ఫొటోలు కాదు, భోజనాల హాలు, మెట్ల ఫొటోలు అడగండి. లూప్ ఉందంటే పనిచేస్తోందో లేదో కూడా కనుక్కోండి.

ఆ రాత్రి భోజనానికి తమ్ముడు తనంతట తనే కుర్చీ జరుపుకుని, లైటు తన ముఖం మీద పడేలా అమ్మకు ఎదురుగా కూర్చున్నాడు.