రేత్ డిస్కు: 150 గ్రాముల డీఎక్సా, 175 గ్రాముల స్టారా?

రేత్ అంటే డిస్క్ గోల్ఫ్‌లో (డిస్కును బుట్టలోకి విసిరే ఆట) వాడే ఇన్నోవా కంపెనీ డిస్కు; డీఎక్స్, స్టార్ అనేవి దాని ప్లాస్టిక్ రకాలు. దాని మీద అచ్చేసిన అంకెలు రెండింటికీ ఒకటే: స్పీడ్ (వేగం) 11, గ్లైడ్ (గాల్లో తేలడం) 5, టర్న్ (కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో మొదట కుడికి ఒరగడం) మైనస్ 1, ఫేడ్ (చివర్లో ఎడమకు వాలడం) 3. చెయ్యి వదిలాకే తేడా తెలుస్తుంది.

డీఎక్స్ చవక, వేళ్ళకు పట్టు బాగుంటుంది. కానీ నాలుగైదుసార్లు చెట్టుకు కొట్టుకుందంటే అంచు గరుకెక్కి, కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరినప్పుడు కుడికి ఒరగడం మొదలెడుతుంది. స్టార్ అంత తొందరగా అరగదు. ఎదురుగాలిలో 175 గ్రాములది చెప్పిన మాట వింటుంది, 150 గ్రాములది పల్టీ కొడుతుంది.

అయితే చేతి వేగం లేనివాళ్ళు విసిరితే బరువైనది తొందరగా ఎడమకు కూలబడుతుంది. కొత్తవాళ్ళు తేలికదే తీసుకోండి. నా బ్యాగులో రెండూ ఉన్నాయి. చెరువు పక్కన మాత్రం డీఎక్సే తీస్తాను, పోతే పోయింది!