ఎద్దు కాలు కోసం కొండపల్లి వెళ్ళొచ్చాం

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడం మా అత్తయ్యకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. ఈసారి అటక మీద పెట్టె దించి చూస్తే కొండపల్లి ఎడ్లబండి బొమ్మలో కుడివైపు ఎద్దుకు ముందు కాలు లేదు. మావారు ఫెవిక్విక్ తెస్తానన్నారు. అతికించడానికి కాలుంటేగా! పెట్టెంతా దులిపినా దొరకలేదు. "పోనీ కొత్తది కొందాం అత్తయ్యా" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. అంటే వద్దని అర్థం.

విజయవాడ నుంచి కొండపల్లి ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. ఆదివారం ఎద్దును పాత తువ్వాలులో చుట్టుకుని బయల్దేరాం.

రోడ్డు పక్కన మొదట కనిపించిన కొట్టు ముందే బండి ఆపాం. అది మా తప్పు. గుండ్రంగా, నున్నగా, లక్క మెరుపుతో ఉన్న గిలక్కాయలూ బొంగరాలూ చూపించి కొట్టతను "అన్నీ కొండపల్లివేనమ్మా" అన్నాడు. అవి ఏటికొప్పాక అనే వేరే ఊరి బొమ్మలు. బాగుంటాయి, కాదనను, కానీ అది అంకుడు కర్రను తిప్పుతూ లక్క పట్టించే పని. కొండపల్లి బొమ్మకు ఆ నునుపు ఉండదు. చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిగ్గా ఉంటుంది, అతుకులు జాగ్రత్తగా చూస్తే తెలుస్తాయి. ఎద్దుకు కాలు పెడతారా అని అడిగితే నవ్వి, ₹700 పెట్టి కొత్త బండి తీసుకోమన్నాడు.

అక్కడి నుంచి బొమ్మల కాలనీలోకి వెళ్ళాం. ఇక్కడ కొట్టుకీ ఇంటికీ పెద్ద తేడా లేదు. ముందు గదిలో అమ్మకం, వెనక వసారాలో పని. ఓ పెద్దాయన పీట మీద కూర్చుని ఏనుగు అంబారీ చెక్కుతున్నారు. అత్తయ్య తువ్వాలు విప్పగానే ఎద్దును అందుకుని, కడుపు కింద తడిమి, "ఇది వాటర్ కలర్ కాలందమ్మా, ఇప్పుడు ఎక్కువగా ఎనామిలే వేస్తున్నాం" అన్నారు. అత్తయ్య మొహం వెలిగిపోయింది. నలభై ఏళ్ళ క్రితం వాళ్ళ నాన్నగారు కొన్న బొమ్మట.

తెల్ల పొణికి అనే తేలికపాటి చెక్క ముక్క ఒకటి తీసుకుని ఉలితో నాలుగు పోట్లు వేసేసరికి కాలు ఆకారం వచ్చేసింది. మోకాలి దగ్గర వంపుకి మాత్రం చాలాసేపు పట్టింది. ఆకురాయితో రెండుసార్లు రాయడం, ఎద్దు పక్కన పెట్టి ఒక కన్ను మూసి చూడడం, మళ్ళీ రాయడం. తర్వాత మక్కు. చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. ఏ బొమ్మనైనా భాగాలుగా చెక్కి దీంతోనే అతుకుతారట. కాలు అతికించి, వేలితో అంచులు పూడ్చి, ఎండలో పెట్టి, "నాలుగింటికి రండి, సుద్ద కొట్టి రంగేస్తా" అన్నారు. వాళ్ళు ఆర్యక్షత్రియులు, పెద్దలు ఎప్పుడో రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఆయన మాట మాత్రం అచ్చం మా కృష్ణా జిల్లా మాటే.

ఆ మధ్యలో ఖిల్లా చూసొచ్చాం. అడవిలోంచి ఘాట్ రోడ్డు పైదాకా ఉంది కాబట్టి పెద్దవాళ్ళతోనూ వెళ్ళొచ్చు, కానీ లోపల మెట్లూ రాళ్ళూ బాగానే ఉంటాయి. అత్తయ్య మోకాళ్ళు మొరాయించాయి, గోడ నీడన కూర్చుండిపోయారు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట. ఒడిశా గజపతుల చేతిలో ఉండగా, కొండవీడు గెలిచిన కృష్ణదేవరాయలు దీని మీదికీ వచ్చాడు. తర్వాత గోల్కొండ, ఆపైన ఇంగ్లీషువాళ్ళు. ఇన్ని చేతులు మారినా రాజమహల్ గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి మీద ప్రేమికుల పేర్లు కూడా ఉన్నాయి, వాళ్ళనేం చేయాలో నాకు తెలీదు. నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. మేం ఒక్క సీసాతో వెళ్ళి అవస్థపడ్డాం.

పైనుంచి చూస్తే చుట్టూ పచ్చటి గుట్టలే. బొమ్మల చెక్క ఆ గుట్టల్లోంచే వస్తుంది. పొణికి చెట్లు తగ్గిపోయి కర్ర దొరకడం కష్టమవుతోందని పొద్దున పెద్దాయన అన్న మాట అక్కడ గుర్తొచ్చింది. ₹700 ఎక్కువనుకున్నందుకు కొంచెం సిగ్గేసింది. (ఆ కొట్టులో మాత్రం కొనను.)

నాలుగింటికి వెళ్తే కాలు తయారు. ఎద్దు మొత్తానికి కొత్త రంగేస్తానన్నారు. అత్తయ్య "వద్దు నాయనా, కాలు ఒక్కటే చాలు" అన్నారు. ఎంతివ్వమంటారంటే మీ ఇష్టమన్నారు. ₹200 ఇస్తే వంద వెనక్కిచ్చేశారు. ఊరికే రావడం బాగోదని తాటిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మ ₹350కి కొన్నాం. ప్యాకింగ్ మాత్రం పాత న్యూస్‌పేపరే, ఇబ్రహీంపట్నం దాటేలోపు ఒక తాటాకు విరిగింది. వెళ్ళేవాళ్ళు అట్టపెట్టె పట్టుకెళ్ళండి.

కొలువులో ఎడ్లబండి మూడో మెట్టు మీద పెట్టాం. కుడి ఎద్దుకు మూడు కాళ్ళు ముదురు మీగడ రంగు, ఒకటి తెల్లగా మల్లెపువ్వులా ఉంది. పేరంటానికి వచ్చినవాళ్ళందరికీ అత్తయ్య ముందు ఆ కాలే చూపిస్తున్నారు.