ఆఖరిదాకా కొట్టడమా, ఆగడమా, బేరమాడటమా: క్రూసేడుల నుంచి కొరియా, ఇరాక్ దాకా

2001 సెప్టెంబరు 16న అమెరికా అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ విలేకరులతో మాట్లాడుతూ, ఉగ్రవాదం మీద మొదలుపెట్టబోతున్న యుద్ధాన్ని ‘క్రూసేడ్’ అనేశాడు. మధ్యయుగాల్లో జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింలతో చేసిన మతయుద్ధాల పేరది. నోరు జారిందో, అలవాటుగా వచ్చిందో గానీ అరబ్బు దేశాల్లోనే కాదు, యూరప్‌లోనూ గగ్గోలు పుట్టింది. రెండ్రోజుల్లో వైట్ హౌస్ ప్రతినిధి సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. 1944 జూన్ 6న నార్మండీ తీరానికి బయల్దేరిన సైనికులకిచ్చిన సందేశంలో మిత్రరాజ్యాల సేనాపతి ఐసెన్‌హోవర్ కూడా ‘మహా క్రూసేడ్’ అనే అన్నాడు. అప్పుడెవరూ ఉలిక్కిపడలేదు. అంతకుముందు 1917లో జనరల్ అలెన్‌బీ సేన జెరూసలేం మీదికి వెళ్తున్నప్పుడు మాత్రం, ఈ మాట వాడొద్దని బ్రిటిష్ ప్రభుత్వమే తమ పత్రికలకి చెప్పింది. ఆ సామ్రాజ్యంలో ముస్లింలు కోట్లమంది, సైన్యంలో మన దేశం నుంచి వెళ్లిన ముస్లిం సిపాయిలూ ఉన్నారు మరి. అయినా ‘పంచ్’ పత్రిక, ఒకప్పుడు క్రూసేడుకి వెళ్లిన ఇంగ్లండ్ రాజు రిచర్డ్ బొమ్మ గీసి ‘చివరి క్రూసేడ్’ అని వేసింది.

మాట మీద చర్చ చాలానే జరిగింది. నాకు ఆసక్తి కలిగించేది వేరు. యుద్ధం మొదలుపెట్టడానికి ఎవరికైనా ఆవేశం చాలు. ఎక్కడ ఆపాలన్నది తేల్చాల్సి వచ్చినప్పుడే నాయకుడి అసలు రంగు తెలుస్తుంది. ఆ విషయంలో 800 ఏళ్ల కిందటి క్రూసేడు నాయకులూ, మన కాలపు వాళ్లూ అచ్చం ఒకేలా మూడు దారులు తొక్కారు. ఆ మూడింట్లో ఏది మేలో చూద్దాం.

ఆఖరిదాకా: పెలాజియస్, మెకార్థర్

1218లో క్రూసేడు సేన జెరూసలేం జోలికి పోకుండా, ఈజిప్టులో నైలు ముఖద్వారం దగ్గరున్న డామియెట్టాని ముట్టడించింది. జెరూసలేంని కాపాడే బలమంతా ఈజిప్టుదే కాబట్టి, ముందు దాని గొంతు నొక్కాలన్నది లెక్క. లెక్క పారింది కూడా. 1219లో ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్ కబురు పంపాడు: ముట్టడి ఎత్తేసి ఈజిప్టు వదిలి వెళ్లండి, జెరూసలేం ఇచ్చేస్తాను. జోర్డాన్ నదికి అవతలున్న కెరక్, షౌబక్ కోటలు తప్ప మీ పాత రాజ్యమంతా ఇస్తాను, 30 ఏళ్లు సంధి. ఆ రెండు కోటలకీ కప్పం కడతాను.

రాయబారం పద్యాలు వింటూ పెరిగిన మనకి, అయిదూళ్లడిగితే కాదన్న దుర్యోధనుడు తెలుసు. ఇక్కడ అడక్కుండానే రాజ్యం చేతిలో పెడతానంటే కాదన్నారు. జెరూసలేం రాజు అనిపించుకుంటున్న జాన్ ఆఫ్ బ్రియెన్ ఒప్పుకుందామన్నాడు. పోప్ ప్రతినిధిగా వచ్చిన కార్డినల్ పెలాజియస్ ససేమిరా అన్నాడు.

అతన్ని వట్టి మూర్ఖుడిగా తీసిపారెయ్యడం తేలికే, కానీ అన్యాయం. టెంప్లర్లు, హాస్పిటలర్లు అనే సైనిక సన్యాసి సంఘాలు అతని పక్షమే. వాళ్ల వాదన: అల్ కామిల్ సోదరుడు ఆ ఏడే జెరూసలేం గోడలు కూలగొట్టించాడు. గోడల్లేని ఊరు, దానికి అండగా ఉండాల్సిన నది అవతలి కోటలేమో శత్రువు చేతిలో. అలాంటి ఊరు తీసుకుని ఎన్నాళ్లు నిలబెట్టుకుంటాం? ఈ ప్రశ్న గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

నవంబరు 5న డామియెట్టా చిక్కింది. గెలుపు తలకెక్కింది. 1221 జులైలో పెలాజియస్ మాట మీద సేన కైరో వైపు కదిలింది. ఆగస్టులో నైలు ఏటా పొంగుతుందని అక్కడ పశువులు కాసే పిల్లాడికైనా తెలుసు. వరదొచ్చింది, ఈజిప్షియన్లు కాలువల తూములెత్తారు, సేన మోకాలి లోతు బురదలో ఇరుక్కుంది. ప్రాణాలు దక్కించుకోవడానికి డామియెట్టా తిరిగిచ్చేసి ఇంటికి పోయారు. జెరూసలేమూ లేదు, డామియెట్టా కూడా పోయింది.

1950లో కొరియాలో జరిగింది చదువుతుంటే నాకు ఈ నైలు వరదే గుర్తొస్తుంది. సెప్టెంబరు 15న ఇంచన్ దగ్గర అమెరికా జనరల్ మెకార్థర్ సేనల్ని దింపిన తీరు నిజంగా అద్భుతం. రెండు వారాల్లో సియోల్ తిరిగొచ్చింది, దక్షిణ కొరియాని కాపాడాలన్న పని దాదాపు అయిపోయింది. అక్కడితో ఆగలేదు. రెండు కొరియాల మధ్య గీతైన 38వ అక్షాంశాన్ని అమెరికన్లు దాటితే ఊరుకోమని చైనా ప్రధాని చౌ ఎన్ లై అర్ధరాత్రి వేళ అక్కడి మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ని పిలిపించి మరీ చెప్పాడు. పణిక్కర్ చైనా పక్షపాతి అని వాషింగ్టన్ ఆ మాటని పక్కన పెట్టేసింది. అక్టోబరు 15న వేక్ దీవిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ అడిగితే, చైనా వచ్చే అవకాశం చాలా తక్కువన్నాడు మెకార్థర్. నాలుగు రోజులకే చైనా దళాలు సరిహద్దులోని యాలూ నది దాటడం మొదలుపెట్టాయి. 1951 జనవరి 4న సియోల్ మళ్లీ పోయింది.

తప్పంతా మెకార్థర్ నెత్తిన రుద్దడం కూడా సరికాదు. గీత దాటడానికి ట్రూమన్ ఒప్పుకున్నాడు, ఐక్యరాజ్యసమితి తలూపింది. తేడా ఎక్కడంటే, 1951 ఏప్రిల్ 11న ట్రూమన్ తన సేనాపతిని తీసేయగలిగాడు. పోప్ ప్రతినిధిని తీసేసే అధికారం డామియెట్టాలో ఎవరికీ లేదు.

ఆగడం: రిచర్డ్, పెద్ద బుష్

రిచర్డ్ శాంతమూర్తేమీ కాదు. 1191 జులై 12న ఎకర్ రేవుకోట లొంగాక, విడుదల సొమ్ము విషయంలో జాగు చేస్తున్నారని ఆగస్టు 20న దాదాపు 2,700 మంది ఖైదీల్ని నరికించాడు. ఆ రక్తం ఏ ‘సింహహృదయం’ బిరుదుతోనూ పోదు. సెప్టెంబరు 7న అర్సూఫ్ దగ్గర, జెరూసలేం ఏలుతున్న సుల్తాన్ సలాదీన్‌ని ఓడించాడు. అలాంటి మనిషి, జెరూసలేంకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని బైత్ నూబా దాకా వెళ్లి, 1192 జనవరిలో ఒకసారి, జులై మొదట్లో ఇంకోసారి, వెనక్కి తిరిగాడు.

ఆ నేల ఎరిగినవాళ్లు చెప్పిన మాట ఒకటే. ఊరు పట్టుకోవచ్చు, తర్వాత? వచ్చినవాళ్లంతా మొక్కుబడి వాళ్లు. మొక్కు తీరగానే ఓడెక్కేస్తారు. దర్శనమయ్యాక తిరుమలలో కాపలాకి ఎంతమంది ఉండిపోతారు? సముద్రానికి దూరంగా ఉన్న ఊరిని కాచేదెవరు? పెలాజియస్ పక్షం అడిగిన ప్రశ్నే ఇది. వాళ్లు దాన్ని ఇంకా కొట్టడానికి కారణం చేసుకున్నారు, రిచర్డ్ ఆగడానికి చేసుకున్నాడు. దానికితోడు ఇంటి దగ్గర తమ్ముడు జాన్, ఫ్రాన్స్ రాజు ఫిలిప్ కలిసి గోతులు తవ్వుతున్నారు.

మధ్యలో ఓ తమాషా. తన చెల్లెలు జోన్‌ని సలాదీన్ తమ్ముడు అల్ ఆదిల్‌కిచ్చి, ఇద్దరికీ జెరూసలేం అప్పగిద్దామని రిచర్డ్ ప్రతిపాదించాడు. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు కదా, ఇక్కడ రెండూ ఒకే ఇంటితో! జోన్ ఒప్పుకోలేదు. ఆ అల్ ఆదిల్ కొడుకే తర్వాత డామియెట్టా దగ్గర బేరం పెట్టిన అల్ కామిల్.

చివరికి 1192 సెప్టెంబరు 2న సంధి కుదిరింది. టైర్ నుంచి జాఫా దాకా తీరం క్రూసేడర్లది, జెరూసలేం సలాదీన్‌ది, క్రైస్తవ యాత్రికులు నిరాయుధంగా వచ్చిపోవచ్చు. ఆ తీరపు రాజ్యం అటూఇటూ అవుతూ 1291 దాకా నిలిచింది.

పెద్ద బుష్‌కి, అంటే 2001లో ‘క్రూసేడ్’ అన్న బుష్ తండ్రికి, వచ్చింది సరిగ్గా బైత్ నూబా పరిస్థితే. 1991 ఫిబ్రవరి 28న, నేల మీద యుద్ధం మొదలైన 100 గంటలకి, కువైట్ చేతికి రాగానే ఆపమన్నాడు. (1990 ఆగస్టులో సద్దాం కువైట్ మీద పడ్డప్పటి ఆందోళన కడప, గోదావరి జిల్లాల గల్ఫ్ కుటుంబాలకి వేరే చెప్పక్కర్లేదు. అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో లక్షన్నరకి పైగా భారతీయులు తిరిగొచ్చారు.) బాగ్దాద్ దాకా ఎందుకు వెళ్లలేదని అడిగితే, అప్పటి రక్షణమంత్రి డిక్ చెయినీ 1994లో చెప్పిన జవాబు రిచర్డ్ గుడారంలో వినబడిందే: సద్దాంని దించాక అక్కడ ఎవర్ని కూర్చోబెడతాం? అదో ఊబి. తొమ్మిదేళ్లకి అదే చెయినీ ఉపాధ్యక్షుడిగా, చిన్న బుష్ పక్కన నిలబడి ఆ ఊబిలోకే నడిచాడు. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ చిక్కింది. 2011 డిసెంబరులో సైన్యం వెనక్కొచ్చేసరికి దాదాపు 4,500 మంది అమెరికన్ సైనికులు పోయారు, ఇరాకీల చావులకి లెక్క కూడా తేలలేదు. తండ్రి రిచర్డ్ అయితే, కొడుకు పెలాజియస్ అయ్యాడు.

పెద్ద బుష్ ఖాతాలో ఒక మచ్చ మాత్రం నేను చెరపలేను. యుద్ధం నడుస్తుండగా ఫిబ్రవరి 15న, సద్దాంని మీరే దించుకోండని ఇరాకీలకి పిలుపిచ్చాడు. మార్చిలో దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు తిరగబడ్డారు. సద్దాం హెలికాప్టర్లు వాళ్లని వేటాడుతుంటే అమెరికా సేనలు కదల్లేదు. ఆగాలనుకున్నవాడు ఎవర్నీ ఎగదోయకూడదు.

బేరం: ఫ్రెడరిక్, ఐసెన్‌హోవర్

మూడో దారి మొదట చూస్తే అన్నింటికన్నా ముద్దొస్తుంది. పవిత్ర రోమన్ చక్రవర్తి ఫ్రెడరిక్ సిసిలీలో పెరిగినవాడు, అరబ్బులతో పొత్తు అతనికి కొత్త కాదు. క్రూసేడుకి వస్తానని మాటిచ్చి, జాగు చేసినందుకు 1227లో పోప్ గ్రెగొరీ అతన్ని వెలివేశాడు. వెలి వేసినా 1228లో బయల్దేరాడు. ఓ పక్క పోప్ సేనలు అతని ఇటలీ రాజ్యం మీదే పడ్డాయి. చేతిలో చిన్న సేన, వెనక ఎవరూ లేరు. అటు అల్ కామిల్‌కీ డమాస్కస్‌లో అన్నదమ్ముల పిల్లలతో తగాదా. ఇద్దరికీ యుద్ధం దండగే.

1229 ఫిబ్రవరి 18న ఒప్పందమైంది. జెరూసలేం, బెత్లెహేం, నజరేత్ ఫ్రెడరిక్‌కి. అల్ అక్సా మసీదు, డోమ్ ఆఫ్ ది రాక్ ఉన్న ఆవరణ ముస్లింలకే. గడువు పదేళ్లు. పదేళ్ల కిందట పెలాజియస్ కాలదన్నిన సరుకే ఇంచుమించు, కాకపోతే ఈసారి కత్తి దూయకుండా వచ్చింది.

దీనికి దక్కిన మర్యాద ఏంటి? క్రీస్తు సమాధి ఉందని నమ్మే జెరూసలేంలోని పవిత్ర సమాధి చర్చిలో కిరీటం పెట్టడానికి బిషప్ ఎవరూ ముందుకి రాలేదు, తనే పెట్టుకున్నాడు. వెలి వేసినవాడు అడుగుపెట్టాడని, చేతికొచ్చిన ఊళ్లోనే పూజలు ఆపేయమని ఆజ్ఞ వచ్చింది. డమాస్కస్ పెద్ద మసీదులో ప్రసంగాలు అల్ కామిల్‌ని ద్రోహి అన్నాయి. మే 1న ఎకర్ రేవులో ఓడెక్కబోతున్న ఫ్రెడరిక్ మీద కసాయివాళ్లు పేగులూ చెత్తా విసిరారు. సరిగ్గా 774 ఏళ్ల తర్వాత మరో మే 1న, చిన్న బుష్ యుద్ధనౌక మీద ‘మిషన్ అకంప్లిష్డ్’ బ్యానర్ కింద చప్పట్లు కొట్టించుకున్నాడు. ఎవరికి పేగులు, ఎవరికి చప్పట్లు!

కానీ బేరం నిలబడలేదు. ఫ్రెడరిక్ వెళ్లిపోయాడు, గోడలు అలాగే పడి ఉన్నాయి. గడువు 1239లో తీరింది, 1244లో మధ్య ఆసియా నుంచి వచ్చిన ఖ్వారెజ్మ్ రౌతులు ఊరి మీద పడి ఊచకోత కోశారు. పెలాజియస్ పక్షం అడిగిన ప్రశ్నకి ఆలస్యంగా వచ్చిన జవాబు అది.

ఇక ఐసెన్‌హోవర్. 1952 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కొరియా వెళ్తానన్నాడు, గెలిచాక డిసెంబరులో వెళ్లి చూసొచ్చాడు. అంతకుముందే ఏడాదిన్నరగా చర్చలు సాగుతున్నాయి, ఖైదీల మార్పిడి దగ్గర పీటముడి పడింది, చావులూ ఆగలేదు. 1953 జులై 27న పాన్‌ముంజొంలో యుద్ధ విరమణ మీద సంతకాలయ్యాయి. వెనక్కి వెళ్లనన్న ఖైదీల వ్యవహారం చూసిన తటస్థ దేశాల సంఘానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. దక్షిణ కొరియా నాయకుడు సింగ్‌మన్ రీ సంతకమే పెట్టలేదు. గీత మళ్లీ 38వ అక్షాంశం పక్కకే చేరింది.

కాగితం చూస్తే ఫ్రెడరిక్ సంధికన్నా దిగదుడుపే. సరిహద్దు తేలలేదు, శాంతి ఒప్పందం ఈనాటికీ లేదు. అయినా 70 ఏళ్లు దాటింది. నాకు కనబడే కారణాలు రెండు. ఒకటి, హిట్లర్‌ని ఓడించిన జనరల్‌ని పిరికివాడనే ధైర్యం అమెరికాలో ఎవరికీ లేదు. అదే సంతకం ట్రూమన్ పెట్టి ఉంటే పేగులు పడేవే. రెండోది, ఐసెన్‌హోవర్ గోడ కట్టాడు. రెండు వైపులా కలిపి 4 కిలోమీటర్ల వెడల్పున సైన్యం లేని పట్టీ, దాని వెనక రక్షణ ఒప్పందం, అక్కడే ఉండిపోయిన అమెరికా సేనలు. ఫ్రెడరిక్ చెయ్యనిది ఇదే.

మరి ఏది మేలు?

మొదటి దారికి నా ఓటు లేదు. గెలుపు నిలబెట్టుకోలేమని తెలిసి ఇంకా పెద్ద గెలుపు కోసం పరిగెత్తడం ఆశ, వ్యూహం కాదు. లోకం మాత్రం ఎక్కువగా వాళ్లకే దండలు వేస్తుంది. పదవి పోయిన మెకార్థర్‌కి న్యూయార్క్‌లో లక్షల జనం ఊరేగింపు చేశారు. 1991లో జనం నెత్తిన పెట్టుకున్న పెద్ద బుష్ ఏడాదిన్నరకే ఎన్నికల్లో ఓడాడు. యుద్ధం ఆపినందుకు కాదు, ఆర్థిక కష్టాల వల్లే, నిజమే. కానీ ఆపడం అతనికి పనికిరాలేదు కూడా.

రెండూ మూడూ మధ్యే నా తూకం ఊగుతుంది. కాపలా పెట్టే ఓపిక ఉంటే బేరమే మేలు, కొరియా అందుకు సాక్ష్యం. ఆ ఓపిక లేదని ముందే తెలిస్తే, అందినట్టే ఉన్న ఊరిని వదిలేసి రిచర్డ్‌లా వెనక్కి తిరగడం మేలు. ఫ్రెడరిక్ తెలివి నాకు ఎంత నచ్చినా, ఆ ఊళ్లో నమ్మి కాపురం పెట్టినవాళ్లకి 1244లో ఏమైందో చూస్తే మనసొప్పదు.

1192 సంధి తర్వాత, రిచర్డ్ సైనికులు ఆయుధాలు వదిలి, గుంపులు గుంపులుగా జెరూసలేం వెళ్లి సమాధి దర్శించుకున్నారు. ఒక గుంపుకి ముందు నడిచిన సాల్స్‌బరీ బిషప్ హ్యూబర్ట్ వాల్టర్‌ని సలాదీన్ పిలిపించుకుని మాట్లాడాడు కూడా. జబ్బుపడ్డ రిచర్డ్ మాత్రం వెళ్లలేదు. అక్టోబరులో ఓడెక్కాడు.