‘బ్లూ గేట్ క్రాసింగ్’: ఏళ్లుగా నేను వదలని వన్ సైడ్ లవ్ కథ

2002లో వచ్చిన ఈ తైవాన్ సినిమాని కాలేజీ రోజుల నుంచీ చూస్తూనే ఉన్నాను. నిడివి గంటన్నర లోపే. దర్శకుడు యీ చి-యెన్. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో వేశారు. ముఖ్యపాత్ర కెరోగా చేసిన గ్వే లున్-మేకి ఇదే తొలి సినిమా అంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

తైపేలో ఎండాకాలం. పదిహేడేళ్ల మెంగ్ కెరోకి తన ప్రాణ స్నేహితురాలు లిన్ యుయెజెన్ అంటే ప్రేమ. యుయెజెన్‌కేమో స్విమ్మింగ్ టీమ్ కుర్రాడు జాంగ్ షిహావో అంటే పిచ్చి. మాట్లాడే ధైర్యం లేక కెరోని ముందుకు తోసి, తను తప్పుకుంటుంది. దాంతో షిహావో ఆ స్నేహితురాలనేదే లేదని, కెరోకే తనంటే ఇష్టమని అనుకుంటాడు. చివరికి తనే కెరో ప్రేమలో పడతాడు. ముగ్గురివీ వన్ సైడ్ ప్రేమలే.

షిహావోకి యుయెజెన్ రాసిన ప్రేమలేఖ కింద కెరో పేరుంటుంది. నేనూ ఒక స్నేహితురాలిని ప్రేమించి, ఆ మాట చెప్పలేక, ఆమె వేరొకరికి రాసిన ఉత్తరాలు దిద్దిపెట్టినదాన్ని. అందుకే యుయెజెన్ షిహావో ముఖం ఉన్న మాస్కు కెరోకి తగిలించి డాన్స్ చేసే సీన్ నాకు చాలా కష్టంగా ఉంటుంది. ప్రేమించిన మనిషి చేతుల్లోనే ఉంది, కానీ ఆమె చూస్తున్నది వేరే ముఖాన్ని. ఏడుపు లేదు, డైలాగ్ లేదు. కెరో కాదనకుండా నిలబడుతుంది, అంతే.

తను ఆడపిల్లనని, తనకు మగపిల్లలంటేనే ఇష్టమని కెరో జిమ్ గోడ మీద రాస్తుంది. ఒక టీచర్ దగ్గరకి వెళ్లి తనని ముద్దు పెట్టుకోవాలనుందా అని అడుగుతుంది. మొదట్లో ఇవి నాకు తిక్క పనుల్లా కనిపించాయి. ఇప్పుడు చూస్తే భయం కనిపిస్తుంది. తనని తాను ఎలాగైనా ‘మామూలు’ చేసుకోవాలనే ఆత్రం అది. ఆ వయసులో మాలో చాలామందిమి అలాంటిదేదో ఒకటి చేశాం.

సినిమా చివర్లో షిహావో, ఎప్పటికైనా నీకు అబ్బాయిలంటే ఇష్టం కలిగితే ముందు నాకే చెప్పు అంటాడు. క్వీర్ (స్వలింగ ప్రేమికులు వగైరా) మిత్రుల్లో కొందరికి ఈ ముగింపు నచ్చదు. ఇదంతా వయసుతో పోయేదే అన్నట్టుందని వాళ్ల అభ్యంతరం. నేను ఒప్పుకోను. అది ఆ కుర్రాడి ఆశ మాత్రమే, సినిమా తీర్పు కాదు. తన ప్రేమ ఫలించదని తెలిశాక కూడా కెరో రహస్యాన్ని అతను ఎక్కడా వాడుకోడు. కాదన్న అమ్మాయి ఒప్పుకునేదాకా వెంటపడడమే హీరోయిజమని మన సినిమాలు నేర్పిన మనకి, ఈ షిహావో ఎంత అవసరమో!

లోపం లేకపోలేదు. యుయెజెన్‌ని మనం బయటి నుంచే చూస్తాం. కెరో మనసు తెలిశాక ఆమెకి లోపల ఏమైందో దర్శకుడు పట్టించుకోడు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

కెరో తల్లి డంప్లింగ్స్ అమ్ముతుంది. నాన్న దూరమయ్యాక ఎలా బతికావమ్మా అని కూతురు అడిగితే, ఏమో, అలా బతికేశాను అన్నట్టు జవాబిస్తుంది. వయసు పెరిగే కొద్దీ నేను ఎదురుచూసేది ఈ సీన్ కోసమే.

2019 మే 24న ఆసియాలో అందరికంటే ముందు స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇచ్చింది తైవానే. ఆ రోజు కెరో వయసువాళ్లు ముప్పైల్లో ఉండి ఉంటారు. వాళ్లలో ఎంతమంది సంతకాలు పెట్టడానికి వెళ్లి ఉంటారా అని ఆలోచిస్తూ ఆ వారం మళ్లీ చూశాను.

పెద్ద మలుపులు, భారీ సన్నివేశాలు కావాలంటే ఇది మీకు చప్పగా అనిపించవచ్చు. మా చెల్లి కూతురు ఇప్పుడు ఇంటర్‌లో ఉంది. ఈ వేసవి సెలవుల్లో తనతో కూర్చుని చూస్తాను.