ఈ-సిమ్ ఫోనుతో రెండు మిర్చి సీజన్లు

వ్యాపారానికి ఏ ఫోను కొనాలని ఎవరైనా నన్ను అడిగితే కెమెరా గురించి గానీ ప్రాసెసరు గురించి గానీ నేను చెప్పేదేమీ ఉండదు. ఆ వివరాలు పెట్టె మీదే ఉంటాయి. నేను అడిగేది ఒక్కటే: మీ లావాదేవీలన్నీ ముడిపడి ఉన్న నంబరు ఆ ఫోనులో ఎక్కడ ఉంటుంది? చేత్తో బయటికి తీయగలిగిన కార్డులోనా, కార్డు లేకుండా ఫోను లోపలే అమర్చి ఉండి తీయడానికి వీల్లేని ఈ-సిమ్‌లోనా? 2023 నవంబరులో కొన్న ఫోనును రెండు పూర్తి సీజన్లు వాడిన తరువాత నా అభిప్రాయమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఒక కార్డు, ఒక ఈ-సిమ్ అనే ఈ అమరిక ఇప్పుడు చాలా కంపెనీల ఫోన్లలో ఉంది.

మాది గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొని, కొంత కోల్డ్ స్టోరేజీలో దాచి, మిగిలినది చెన్నై, నాగపూర్ వైపు పంపే చిన్న వ్యాపారం. మా వ్యాపారపు నంబరును నాన్నగారు 2005లో తీసుకున్నారు. యార్డులో కమిషన్ వ్యాపారులకూ, లారీ ఆఫీసులకూ, బయటి ఊళ్ల కొనుగోలుదారులకూ మా పేరు కన్నా ఆ నంబరే ఎక్కువ తెలుసు. బ్యాంకు ఖాతా, యూపీఐ, జీఎస్టీ, ఈ-వే బిల్లు (లారీలో సరుకు పంపేటప్పుడు ఆన్‌లైన్లో చేసుకోవలసిన పత్రం), అన్నీ దాని మీదే నడుస్తాయి. రెండో నంబరు ఇంటిది. కొత్త ఫోనులో కార్డు పెట్టుకునే చోటు ఒక్కటే ఉంది కాబట్టి రెండింటిలో ఒకదాన్ని ఈ-సిమ్‌కు మార్చక తప్పలేదు. ఫోను ఎవరైనా కొట్టేస్తే ముందు తీసి పారేసేది సిమ్ కార్డునేననీ, ఈ-సిమ్ అయితే ఆ పని చేయలేరనీ దుకాణంలో చెప్పారు. ఆ మాట సబబుగా తోచి ముఖ్యమైన నంబరునే ఈ-సిమ్‌లో పెట్టించాను. అది శనివారం సాయంత్రం. మర్నాటి సాయంత్రం దాకా ఆ నంబరుకు మెసేజీలు రాలేదు. ఆదివారం యార్డు ఉండదు కాబట్టి నేను పట్టించుకోలేదు. అప్పుడే ఆగి కారణం అడిగి ఉండవలసింది.

మొదటి సీజనంతా నేను ఈ ఫోనును మెచ్చుకుంటూనే ఉన్నాను. ఏప్రిల్ ఎండలో కూడా తెర మీది అక్షరాలు కనిపించేవి, యార్డులోని అరుపుల మధ్య కూడా అవతలి మాట స్పష్టంగా వినిపించేది, నాగపూర్ రైలులో నిద్రపోయినప్పుడు కూడా నంబరు భద్రంగా ఉందన్న ధీమా ఉండేది. తోటి వ్యాపారుల్లో కనీసం నలుగురికి ఇదే కొనమని చెప్పాను. ఆ గుణాలు ఇప్పటికీ ఉన్నాయి, బ్యాటరీ మాత్రం మొదట్లోలాగా రాత్రి దాకా రావడం లేదు. అయితే ఆ నలుగురికీ తరువాత మళ్లీ ఫోను చేసి, ఏ నంబరును ఎక్కడ పెట్టుకున్నారో కనుక్కోవలసి వచ్చింది.

2025 సీజను మాకు గడ్డు కాలం. ధరలు పడిపోయి, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చిన ఏడాది అది. ఈ రోజు పంపవలసిన సరుకు రేపు పంపితే కొనుగోలుదారు మళ్లీ బేరానికి వచ్చే పరిస్థితి. ఏప్రిల్ రెండో వారంలో ఒక గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు కోల్డ్ స్టోరేజీ దగ్గర చెన్నై లారీకి రెండు వందల టిక్కీల (మిర్చి బస్తాల) తేజా రకం ఎత్తిస్తున్నాము. తూకం చీటీ రాయడానికి ఫోనును కాటా పక్కన బల్ల అంచున పెట్టాను. హమాలీ భుజం మీది టిక్కీ తగిలి అది సిమెంటు నేల మీద పడింది. పైకి అద్దం చెక్కుచెదరలేదు, తెర మాత్రం నల్లబడిపోయింది. లోపల ఫోను పనిచేస్తూనే ఉంది. ఎవరైనా చేస్తే మోగుతోంది, ఎత్తడానికి వీలు లేదు.

2019లో పాత ఫోను వానలో తడిసి ఆగిపోయినప్పుడు మా గుమాస్తా పిన్నీసుతో అందులోని కార్డు తీసి తన ఫోనులో వేశాడు. పది నిమిషాల్లో కాల్స్ వచ్చాయి, ఓటీపీలు వచ్చాయి, ఆ రోజు పని ఆ రోజే అయిపోయింది. అలవాటు కొద్దీ ఈసారి కూడా అతను పిన్నీసు తీశాడు. బయటికి వచ్చింది ఇంటి నంబరు కార్డు. వ్యాపారపు నంబరు ఆ నల్లటి తెర వెనకే ఉండిపోయింది. సర్వీసు సెంటరులో తెర మార్చడానికి విడిభాగం రావాలనీ, మూడు రోజులు పడుతుందనీ చెప్పారు.

అక్కడి నుంచి సిమ్ కంపెనీ దుకాణానికి వెళ్లాను. అదే ఈ-సిమ్‌ను మరో ఫోనులోకి ఎక్కించాలంటే ఆ ఫోనుకూ ఆ సౌకర్యం ఉండాలి, గుమాస్తా ఫోనుకు లేదు. పైగా కోడ్ వచ్చేది రికార్డులో ఉన్న ఈ-మెయిల్‌కు. ఎప్పుడో ఎవరో రాయించిన ఆ ఈ-మెయిల్ మాకెవరికీ గుర్తు లేదు. ఇక మామూలు కార్డే తీసుకుందామంటే, నంబరు నాన్నగారి పేరు మీద ఉంది కాబట్టి ఆయనే స్వయంగా రావాలన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషిని ఎండలో ఆటోలో పిలిపించాను. ఏళ్ల తరబడి మిరప ఘాటుకూ గోనెల రాపిడికీ అరిగిపోయిన ఆయన వేలిముద్రను యంత్రం రెండుసార్లు తిప్పికొట్టింది. మూడోసారి వేలు తుడిచి పెడుతూ ఆయన కౌంటరులోని అమ్మాయిని, "అమ్మా, నంబరు పోదు కదా?" అని అడిగారు. పోదని ఆ అమ్మాయి చెప్పేదాకా వేలు తీయలేదు. ఇరవై ఏళ్లుగా మోస్తున్న నంబరు విషయంలో ఆయనకు ఆ భయం కలిగించినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

సాయంత్రం ఏడు గంటలకు కొత్త కార్డు పనిచేయడం మొదలుపెట్టింది. కాల్స్ వచ్చాయి. ఓటీపీ మాత్రం రాలేదు. సిమ్ మార్చిన తరువాత 24 గంటల పాటు ఆ నంబరుకు మెసేజీలు రావు, దాని నుంచి వెళ్లవు. ఈ నియమం సిమ్ కంపెనీ సొంతంగా పెట్టుకున్నది కాదు, అన్ని కంపెనీలకూ వర్తిస్తుంది. మన నంబరును దొంగతనంగా మార్పించుకొని బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసగాళ్లను అడ్డుకోవడానికి పెట్టినది. నియమం మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ గడువులోపల వ్యాపారి చేతులు కట్టేసినట్టే అవుతుందని నాకు ఆ రాత్రే అర్థమైంది. ఈ-వే బిల్లు పోర్టల్‌లోకి వెళ్లేటప్పుడు పాస్‌వర్డుతో పాటు ఓటీపీ కూడా ఇవ్వాలన్న నిబంధన పెద్ద సంస్థలతో మొదలై, 2025 ఏప్రిల్ 1 నుంచే అందరికీ తప్పనిసరి అయింది. యూపీఐని కొత్త ఫోనులో పెట్టుకోవాలంటే మన నంబరు నుంచి ఒక మెసేజీ బయటికి వెళ్లాలి, అదీ వెళ్లదు. సరుకుతో లారీ నిలబడి ఉంది, ఈ-వే బిల్లు లేకుండా కదిలితే జీఎస్టీ చట్టం సెక్షన్ 129 కింద పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చు.

అప్పుడు నేను ఎదురుచూడని చోటు నుంచి సాయం వచ్చింది. ఆఫీసు లాప్‌టాప్‌లో వాట్సాప్ అంతకు ముందే కలిపి ఉంది. ఫోను ఆగిపోయినా, కలిపి ఉంచిన పరికరాల్లో వాట్సాప్ కొన్నాళ్లు దానంతట అది నడుస్తుంది. దాని ద్వారానే చెన్నై కొనుగోలుదారుకు విషయం రాసి, మా అమ్మకం బిల్లు ఫొటో పంపాను. ఈ-వే బిల్లును సరుకు పంపేవారే కాదు, అందుకునేవారు కూడా తమ లాగిన్‌లో చేయవచ్చు. ఆయన గుమాస్తా ఇంటి నుంచే కూర్చుని లారీ నంబరుతో సహా ఈ-వే బిల్లు చేసి పంపగా, పది గంటలకు లారీ గుంటూరు దాటింది. మరునాడు ఇద్దరు కమిషన్ వ్యాపారులకు ఇవ్వవలసిన సొమ్మును, చాలా కాలంగా బీరువాలో ఉన్న చెక్కు పుస్తకం తీసి, బ్యాంకులో ఆర్‌టీజీఎస్ ఫారం రాసి పంపాను. మెసేజీలు తెరుచుకున్నాక కూడా నా యూపీఐలో తొలి 24 గంటలకు 5,000 రూపాయల పరిమితే కనిపించింది. అంటే నేల మీద పడ్డ ఒక ఫోను శనివారం దాకా మా లావాదేవీలను పట్టి ఉంచింది.

ఆ వాట్సాప్ ఆసరాను కూడా ఇకపై పూర్తిగా నమ్మలేము. 2025 నవంబరులో టెలికాం శాఖ, ఇటువంటి యాప్‌లు ఫోనులో ఉన్న సిమ్‌తోనే ముడిపడి ఉండాలనీ, కంప్యూటర్లలో ఆరు గంటలకోసారి లాగౌట్ కావాలనీ ఆదేశించింది. ఆ ఆదేశం పూర్తిగా అమలైతే ఆ రాత్రి నాకు దొరికిన దారి మూసుకుపోతుంది.

తెర మార్చిన ఫోనునే ఇప్పటికీ వాడుతున్నాను, కానీ వ్యాపారపు నంబరు కార్డులో ఉంది, ఇంటి నంబరు ఈ-సిమ్‌లోకి వెళ్లింది. ఈ-వే బిల్లు పోర్టల్‌లో గుమాస్తాకు అతని నంబరుతోనే, మా ఖాతా కిందే పనిచేసే వేరే లాగిన్ (సబ్-యూజరు) ఇచ్చాను, అతని ఓటీపీ అతనికే వస్తుంది. ఆ పోర్టల్ నుంచే దించుకునే ఎన్‌ఐసీ-జీఎస్‌టీ-షీల్డ్ అనే యాప్ నెట్‌వర్కు లేకపోయినా ఓటీపీ చూపిస్తుంది; దాన్నీ పెట్టుకున్నాను, అయితే ఫోనే నల్లబడితే అదీ అందులోనే చిక్కుకుంటుందని మరచిపోలేదు. నంబరును నాన్నగారి సమ్మతితో నా పేరు మీదికి మార్పించాను. ఈ మూడు పనులకూ కలిపి ఒక్క పూట పట్టింది. ఫోను కొన్న వారంలోనే చేసి ఉంటే నాన్నగారు ఎండలో రావలసిన అవసరం ఉండేది కాదు.

కాబట్టి ఈ ఫోను మంచిదా కాదా అంటే నేను ఒక్క మాటలో చెప్పలేను. తరచుగా విదేశాలకు వెళ్లేవారికి ఈ-సిమ్ వల్ల నిజంగానే సుఖం ఉంది. ఆఫీసులో ఐటీ సిబ్బంది, చేతిలో రెండో ఫోను ఉన్నవారికి నా కష్టం రాకపోవచ్చు. దొంగ కార్డు తీసి పారేయలేడన్న మాట కూడా అబద్ధం కాదు; రద్దీ నగరాల్లో తిరిగేవారికి అది పెద్ద విషయమే. కానీ ఒక్క నంబరు మీదే ఇల్లు గడిచే నాలాంటివారు, సీజనులో ఒక రోజు పోతే ఆ నష్టం పూడ్చుకోలేనివారు, రెండు కార్డులకూ చోటున్న ఫోనే చూసుకోవాలని నా అభిప్రాయం. అది కుదరకపోతే కనీసం డబ్బు నడిచే నంబరును కార్డులోనే ఉంచుకోవాలి. వచ్చే సీజనుకు బ్యాటరీ మార్పించి దీనితోనే గడుపుతాను. ఆ తరువాత కొనేటప్పుడు మాత్రం దుకాణంలో ధర అడగక ముందే సిమ్ ట్రే బయటికి లాగి, అందులో ఎన్ని కార్డులు పడతాయో చూస్తాను.